రైలుబల్ల కింద

పిల్లలూ! మొన్న మా మనుమడు వార్తాపత్రిక చదువుతూ, "తాతయ్యా, హ్యాకర్ అంటే దొంగేనా?" అని అడిగాడు. ఎవరో కంప్యూటరు ద్వారా బ్యాంకు సొమ్ము కాజేశారని అందులో వేశారు. నిజానికి ఆ మాట పుట్టినప్పుడు దానికి దొంగతనంతో సంబంధమే లేదు. వాడికి చెప్పిన సంగతే మీకూ చెబుతాను.

అమెరికాలో కేంబ్రిడ్జి అనే ఊళ్ళో ఎం.ఐ.టి. అనే పేరుమోసిన విద్యాలయం ఉన్నది. 1950 తరువాతి రోజుల్లో, అక్కడ యుద్ధకాలంలో కట్టిన ఒక చెక్క భవనంలో విద్యార్థులు బొమ్మరైళ్ళ సంఘం నడిపేవారు. పెద్ద బల్ల మీద పట్టాలు, స్టేషన్లు, కొండలు. కొందరికి రైలుపెట్టెలకు రంగులు వేయడం ఇష్టం. మరికొందరు బల్ల కిందికి దూరేవారు. అక్కడ ఎన్నో తీగలు, టెలిఫోన్లలో వాడే రిలేలు ఉండేవి. ఏ మీట నొక్కితే ఏ రైలు ఎటు మళ్ళుతుందో, ఆ కిటుకంతా అక్కడే ఉన్నది. ఎవడైనా కేవలం సరదా కొద్దీ, తెలివిగా ఒక చమత్కారమైన ఏర్పాటు చేస్తే దాన్ని 'హ్యాక్' అనేవారు. చేసినవాడు హ్యాకర్ అన్నమాట.

అప్పుడక్కడ ఐ.బి.ఎం. 704 అనే కంప్యూటరు ఉండేది. దాన్ని విద్యార్థులను ముట్టుకోనిచ్చేవారు కాదు. చిల్లులు పొడిచిన కార్డుల కట్టను ఉద్యోగి చేతికిచ్చి, జవాబు కోసం గంటల తరబడి కాచుకోవాలి. 1958లో టి.ఎక్స్-0 అనే మరో యంత్రం వచ్చింది. దాని ముందు ఎవరికి వారే కూర్చోవచ్చు! ఇంకేం, బల్ల కిందివాళ్ళు అక్కడికి చేరారు. అర్ధరాత్రయినా సరే, తన వంతుకు ఎవరైనా రాకపోతే ఆ కుర్చీలో కూర్చొనేవారు. పీటర్ శాంసన్ అనే విద్యార్థి దాని చేత సంగీతం పలికించాడు. (లెక్కలు చేసే యంత్రానికి పాటెందుకురా అని నేనయితే కసిరి ఉండేవాణ్ణి.)

1961లో పి.డి.పి-1 వచ్చింది. దాని జ్ఞాపకంలో 4,096 గళ్ళే. ఈనాడు మీ నాన్నగారి ఫోనులో తీసే ఒక్క ఫొటో అందులో పట్టదు. 1962లో స్టీవ్ రస్సెల్, అతని మిత్రులు దాని మీద 'స్పేస్‌వార్' అనే ఆట తయారుచేశారు. తెర మీద రెండు అంతరిక్ష నౌకలు పోరాడతాయి. వెనుక చుక్కలు ఇష్టం వచ్చినట్లున్నవని శాంసన్‌కు నచ్చలేదు. ఆకాశంలోని నిజమైన నక్షత్రాలను ఉన్నవి ఉన్నట్లే అమర్చాడు. డాన్ ఎడ్వర్డ్స్ నడుమ ఉన్న సూర్యుడికి ఆకర్షణశక్తి కల్పించాడు. యంత్రం మీటలు నొక్కీ నొక్కీ మోచేతులు నొప్పిపెడుతూంటే, మరో ఇద్దరు ఆడేందుకు వేరే మీటల పెట్టెలు చేశారు. ఇందుకు ఎవరూ ఎవరికీ కాసు ఇవ్వలేదు. ప్రోగ్రాం ఉన్న కాగితపు టేపులను సొరుగులో ఉంచేవారు. ఎవరైనా తీసి మెరుగుపరచవచ్చు. తోటివాడు చూసి "భలే!" అంటే అదే బహుమానం.

వారు బుద్ధిమంతులని నేననను. పాఠాలు ఎగ్గొట్టేవారు. కావలసిన పనిముట్టు గదిలో ఉండిపోతే తాళం ఊడదీసి వెళ్ళినవారూ ఉన్నారు. నా బళ్ళో అయితే ఊరుకొనేవాణ్ణి కాదు. ఊరుకోలేదు కూడా.

2004లో మా బడికి ఐదు కంప్యూటర్లు వచ్చాయి. పాడవుతాయేమోనని గుడ్డలు కప్పించి, గదికి తాళం వేసి, తాళంచెవి నా దగ్గరే ఉంచుకొన్నాను. అయినా కొన్నాళ్ళకు ఒకటి చెడిపోయింది. ఒకనాటి సాయంత్రం చూద్దును గదా, తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు చువ్వ ఊడిన కిటికీలోంచి దూరి, దాని పక్కరేకు విప్పి కూర్చున్నాడు! చేతిలో పెన్సిలు గీతలు చెరిపే రబ్బరు. ఏం చేస్తున్నావని నేను అడగలేదు. చెవి మెలిపెట్టి బయటికి లాక్కొచ్చాను. మర్నాడు తండ్రిని పిలిపించాను. ఆయన నా ఎదుటే వాణ్ణి కొట్టాడు.

వారం తరువాత బాగుచేసే మనిషి వచ్చి మీట నొక్కితే, అది ఇట్టే పనిచేసింది. లోపలి మెమరీ కార్డు అంచుకు మకిలి పట్టినప్పుడు రబ్బరుతో రుద్దితే చాలునట. "ఎవరో రుద్దారు సార్" అన్నాడు. నేను మాట్లాడలేదు. ఆ కుర్రవాడికీ చెప్పలేదు.

నిరుడు ఒక పెళ్ళిలో అతను కనిపించి నమస్కరించాడు. ఆనాటి సంగతి ఎలా ఎత్తాలా అని నేను తటపటాయిస్తూండగా, అతనే అడిగాడు:

"మాస్టారూ, ఆ కంప్యూటర్ పనిచేసిందాండీ?"

"పనిచేసింది నాయనా" అన్నాను.

"మొదటిసారికేనా?" అన్నాడు.