అడుసు తొక్కే శనివారం

జనవరి ఆఖరి శనివారం. ఉత్తర లండన్‌లోని గాస్పెల్ ఓక్ స్టేషన్‌లో రైలు దిగేసరికి సన్నగా చినుకు పడుతోంది. నాతో పాటు దిగినవాళ్లలో సగం మంది భుజాలకు పెద్ద సంచులున్నాయి. సంచులకు తాళ్లతో ముడేసిన బూట్లు వేలాడుతున్నాయి. వాటి అడుగున మేకులు. మా అక్క కొడుకు నా మోచెయ్యి పట్టుకుని, "చూసి నడు మావయ్యా, ఇక్కణ్నించి అంతా అడుసే" అన్నాడు.

లండన్ వచ్చి ఆరేళ్లయిన కుర్రాడి నోటి వెంట బురద అని కాకుండా మా అమ్మ వాడే మాటే వచ్చింది. శ్రీకాకుళం జిల్లాలో వరిచేల మధ్య పెరిగినవాణ్ని నేను. 'అడుసు తొక్కనేల, కాలు కడగనేల' అన్న సామెత మా ఇంట్లో రోజుకొకసారైనా వినపడేది. అక్కర్లేని పని నెత్తికెత్తుకోవద్దని దాని భావం. మరి వారమంతా కంప్యూటర్ ముందు కూర్చునే మనుషులు సెలవు పూట కోరి అడుసు తొక్కడానికి కొండ దగ్గరికి ఎందుకొస్తారు? మేనల్లుడు మూడేళ్లుగా ఒక పరుగుల క్లబ్బులో ఉన్నాడు. ఆ సంగతి చూద్దామనే వాడి వెంట వచ్చాను.

స్టేషన్ దాటగానే ఒక పక్క 1938లో తెరిచిన ఈతకొలను, మరో పక్క పరుగుల ట్రాకు, ఎదురుగా పార్లమెంట్ హిల్. ఎత్తు సుమారు 98 మీటర్లు. మన సింహాచలం కొండ చూసిన కంటికి అది పెద్ద గుట్ట. గాలిపటాలు ఎగరేసే కొండ అని కూడా దానికి పేరు. పైకెక్కితే సెయింట్ పాల్స్ చర్చి గోపురంతో సహా లండన్ నగరమంతా కనిపిస్తుంది. హాంప్‌స్టెడ్ హీత్ అనే సుమారు 320 హెక్టార్ల పచ్చిక, అడవి, చెరువుల నేలలో ఈ కొండ ఒక మూల.

అడుసుకు కారణం ఆ నేలలోనే ఉంది. హీత్ పైభాగాన ఇసుక పొర, దాని కింద లండన్ బంకమట్టి. వాన నీళ్లు ఇసుకలో ఇంకి, బంకమట్టి తగిలాక ఇక దిగలేక పక్కలకు ఊటలై పైకి వస్తాయి. ఇక్కడి చెరువులకు ఆ నీళ్లే ఆధారం. ఇప్పుడు నగరం కింద కప్పు వేసిన కాలువలో పారే ఫ్లీట్ ఏరు కూడా ఈ ఊటల దగ్గరే పుట్టింది. అందుకే చలికాలంలో ఇక్కడి పల్లాలు దమ్ము చేసిన మడిలా ఉంటాయి. పొద్దున్నుంచి పిల్లలు, కుర్రవాళ్లు, ఆడవాళ్లు వరసగా పరిగెత్తాక, ఆఖరున మగవాళ్ల పందెం వేళకి ఆ మడి బాగా పదునెక్కుతుంది.

ఆ రోజు జరుగుతున్నవి దక్షిణ ఇంగ్లండ్ క్రాస్ కంట్రీ చాంపియన్‌షిప్ పోటీలు. పేరు పెద్దదే కానీ నాకు అది మన తీర్థంలా అనిపించింది. కొండ కింద మైదానంలో వందకు పైగా గుడారాలు. ఒక్కో క్లబ్బుకు ఒక్కో గుడారం, ఒక జెండా. గుడారం లోపల నేల మీద పరిచిన టార్పాలిన్, దాని మీద సంచుల గుట్ట, ఒక మడతబల్ల మీద ఇంట్లో చేసి తెచ్చిన కేకులు, ఫ్లాస్కుల్లో టీ. జీతగాళ్లెవరూ లేరు. మా వాడి గుడారంలో డెబ్బై దాటిన పెద్దాయన ఒకరు అందరి చొక్కాలకూ నంబరు కాగితాలు పిన్నీసులతో సరిచేస్తున్నారు. నాతో చెయ్యి కలిపి, "మీవాడు కొండ దిగడం నేర్చుకున్నాడు. ఎక్కడం అందరికీ వస్తుంది" అన్నారు.

ఆ మాట అర్థం కావాలంటే దిగే చోట నిలబడి చూడాలన్నాడు మేనల్లుడు. ఆడవాళ్ల పందెం మొదలయ్యే ముందు నన్ను వాలు పక్కన తాడు దగ్గర నిలబెట్టాడు. ఎక్కేటప్పుడు అడుగులు చిన్నవైపోతాయి, చేతులే మనిషిని లాగుతాయి. దిగేటప్పుడు భయపడి వెనక్కి వాలినవాళ్లు జారుతున్నారు. నడుము కొంచెం ముందుకు వంచి, పాదాలు తేలిగ్గా, వేగంగా మార్చుకుంటూ వచ్చినవాళ్లు నిలుస్తున్నారు. వరి నాట్లప్పుడు తలమీద నారుకట్టలతో తడిగట్ల మీద నడిచే ఆడవాళ్ల నడక గుర్తొచ్చింది. వాళ్లూ అంతే, బరువు ఒక పాదం మీద నిలిచేలోపే రెండో పాదం వేసేవారు.

బూట్ల మేకుల సంగతి కూడా అప్పుడే తెలిసింది. గట్టి నేలకు పొట్టి మేకులు, ఇలాంటి నేలకు 15 మిల్లీమీటర్లవి. చిన్న తాళంచెవితో బిగించి, నేలను బట్టి మారుస్తారు. పొద్దున్నే కొందరు బూట్లు విప్పుకొని కొండ చుట్టూ నడిచి, ఏ మూల నీళ్లు నిలిచాయో, ఏ అంచున గడ్డి మిగిలిందో చూసుకొచ్చారట. పొలం దున్నే ముందు మా నాన్న చేలో తిరిగి చూసినట్టే.

పందేల మధ్య విరామంలో పెద్దాయన టీ పోసిచ్చి ఈ ఆట పుట్టుక చెప్పారు. ఒకప్పుడు బళ్లలో పిల్లలు ఆడుకున్న ఆట ఇది. ఇద్దరు ముగ్గురు కుందేళ్లు. వాళ్లు సంచుల్లో కాగితం ముక్కలు వేసుకుని, దారి పొడవునా చల్లుకుంటూ పొలాల్లోకి పారిపోతారు. మిగతావాళ్లు వేటకుక్కలు. కాగితాల జాడ పట్టుకుని కంచెలు, కాలవలు దాటి తరుముతారు. కుందేళ్లను వేటాడే కుక్క జాతి పేరే హ్యారియర్. అందుకే ఇప్పటికీ ఈ దేశంలో ఎన్నో పరుగుల క్లబ్బుల పేర్ల చివర హ్యారియర్స్ అని ఉంటుంది. ఈ కొండ పక్క ట్రాకే సొంతిల్లుగా ఉన్న హైగేట్ హ్యారియర్స్ 1879లో పుట్టింది.

అంతకు ముందే 1868లో థేమ్స్ హేర్ అండ్ హౌండ్స్ ఏర్పడింది. థేమ్స్ నదిలో పడవ పందేలు వేసే క్లబ్బువాళ్లు చలికాలంలో ఒంటిని పదునుగా ఉంచుకోవడానికి వింబుల్డన్ కామన్ మీద పరుగు మొదలుపెట్టారు. అదే క్లబ్బయింది. ఇంగ్లండ్ జాతీయ పోటీ మొదటిసారి 1876లో ఎపింగ్ అడవిలో పెట్టారు. పరిగెత్తిన వాళ్లందరూ దారి తప్పారు. పోటీ చెల్లదన్నారు. మరుసటి ఏడు మళ్లీ పెట్టారు. ఆడవాళ్ల జాతీయ పోటీ మాత్రం 1927 దాకా రాలేదు.

ఒలింపిక్స్‌లో కూడా ఈ పందెం ఒకప్పుడు ఉండేది. 1912, 1920, 1924లో మూడుసార్లు జరిగింది. 1924లో పారిస్‌లో మండుటెండలో 38 మంది బయల్దేరితే 15 మందే గమ్యం చేరారు. ఫిన్లాండ్ వీరుడు పావో నుర్మి గెలిచాడు. చాలామంది ఎండదెబ్బకు కూలిపోవడంతో ఆ తర్వాత ఒలింపిక్స్‌లోంచి తీసేశారు. ప్రపంచ పోటీలు మాత్రం 1973 నుంచి ఆ పేరుతో విడిగా జరుగుతున్నాయి.

"1970లో డేవ్ బెడ్‌ఫర్డ్ ఇదే దక్షిణ ఇంగ్లండ్ పోటీల్లో ఒకే రోజు సీనియర్ పందెం, జూనియర్ పందెం రెండూ గెలిచాడు" అన్నారు పెద్దాయన. ఆ బెడ్‌ఫర్డే 1973లో 10,000 మీటర్ల ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. ఆ కథ చెబుతున్నప్పుడు ఆయన కళ్లు వాలు వైపే ఉన్నాయి.

నేను మేనల్లుణ్ని, "పోయినసారి ఎంత టైములో పరిగెత్తావురా?" అనడిగాను.

"టైము అడక్కు మావయ్యా. ఎన్నోవాడిగా వచ్చావని అడుగు."

ఇక్కడ గడియారానికి విలువ తక్కువ. ఒక కొండకీ ఇంకో కొండకీ పోలిక లేదు, నిరుటి అడుసుకీ ఈ ఏటి అడుసుకీ పోలిక లేదు. స్థానాన్నే లెక్కపెడతారు. ఆ లెక్కలోనే ఈ ఆట ప్రాణం ఉందని ఆ పూట నాకు తెలిసింది. క్లబ్బు తరఫున ముందొచ్చిన మగవాళ్లు ఆరుగురి స్థానాలు కలుపుతారు. ఆడవాళ్లలో నలుగురివి. ఎవరి మొత్తం తక్కువైతే వాళ్ల జట్టుది గెలుపు. ఒక్కడు మొదట వచ్చి ఐదుగురు వెనకబడితే లాభం లేదు. అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. ఏడోవాడు, ఎనిమిదోవాడు, తొమ్మిదోవాడు తమ జట్టు మొత్తంలో చేరరు. కానీ దారిలో ఎదుటి క్లబ్బు ఆరో మనిషిని దాటితే, వాళ్ల మొత్తానికి ఒకటి కలుస్తుంది. అంటే ఆరు వందల స్థానంలో ఒగుర్చుతూ వచ్చేవాడి పరుగు కూడా లెక్కే.

మగవాళ్ల పందెం వేళయింది. ఈ కొండ మీద ఆనవాయితీగా అది 9 మైళ్లు, మన లెక్కన సుమారు 15 కిలోమీటర్లు. కొండ కింద మైదానం ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒక్క వరసలో మనుషులు. అడ్డచారల చొక్కాలు, నిలువుచారలవి, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. అందరూ వణుకుతూ, ఒకరినొకరు భుజాలు తట్టుకుంటూ నిలబడ్డారు. తుపాకి పేలింది. ఎదురుగా ఉన్నది నిటారు ఎక్కుడే. ఆ రంగుల వరసంతా ఒక్కసారిగా కొండ మీదికి లేచింది. కాళ్ల కింద నేల చప్పుడు ముందు నా అరికాళ్లకు తగిలి, తర్వాతే చెవికి వినపడింది. సంక్రాంతికి మా ఊళ్లో గిత్తల పరుగు పందెం చూసినప్పటి తర్వాత అలాంటి చప్పుడు మళ్లీ అప్పుడే విన్నాను.

ముందున్నవాళ్లు జింకల్లా పోయారు. వాళ్ల గురించి పత్రికలు రాస్తాయి. నేను చాలాసేపు చూసింది వెనకవాళ్లని. ఒకాయన బూటు అడుసులో ఉండిపోతే, వెనక్కి తిరిగి రెండు చేతులతో లాక్కుని, ఒంటికాలి మీద గెంతుతూ తొడుక్కున్నాడు. ఆ కాస్తలో ముప్పై మంది దాటిపోయారు. తాడు బయట నిలబడ్డ ఎదుటి క్లబ్బు ఆవిడే, "ఫరవాలేదు, కొండ ఇంకా మిగిలే ఉంది" అని అరిచింది. పొద్దున పరిగెత్తిన పిల్లలు దుప్పట్లు కప్పుకుని తమ క్లబ్బు పెద్దలను పేర్లు పెట్టి పిలుస్తున్నారు. మా గుడారం పెద్దాయన మలుపు దగ్గర నారింజరంగు కోటు వేసుకుని, జారే చోటికి ముందే చెయ్యి చూపిస్తూ వానలో అలా నిలబడే ఉన్నారు.

మూడో చుట్టులో మా వాడు కనిపించాడు. మొహం మీద, కనుబొమ్మల మీద కూడా అడుసు. ఎక్కుడులో ఇరవై గజాలు వెనకపడ్డాడు. శిఖరం దాటాక దిగుడు మొదలైంది. నడుము ముందుకు వంచి, చేతులు రెక్కల్లా చాపి, ఒకరి తర్వాత ఒకరిని దాటుకుంటూ వచ్చాడు. ఆఖరి మలుపులో ఆకుపచ్చ చొక్కా మనిషి ఒకడున్నాడు. వాణ్ని తాళ్ల మధ్యకు చేరేలోపు ఒక్క అడుగుతో దాటాడు. దాటిన మరుక్షణం ఇద్దరూ ఒకరి మెడ మీద ఒకరు చేతులేసుకుని నిలబడిపోయారు. ఆకుపచ్చ చొక్కా అతను ఏదో అన్నాడు, మా వాడు నవ్వాడు. తర్వాత చెప్పాడు, "వాళ్ల క్లబ్బులో ఆరోవాణ్ని దాటానని అన్నాడు మావయ్యా."

గుడారంలో టీ తాగుతూ నేను మన కొండల గురించే ఆలోచించాను. ఆషాఢ పౌర్ణమి వేళ సింహాచలం గిరి ప్రదక్షిణలో 32 కిలోమీటర్లు లక్షలాది మంది, చాలామంది ఉత్తకాళ్లతో, నడుస్తారు. నడవగల కాళ్లు మనకు లేక కాదు. మన దేశంలోనూ ఏటా జాతీయ క్రాస్ కంట్రీ పోటీలు జరుగుతాయి. కానీ ఊళ్లో పిల్లలకు ఆ మాటే తెలియదు. దీనికి సింథటిక్ ట్రాకు అక్కర్లేదు, స్టేడియం అక్కర్లేదు. కొండ పక్క బంజరు, నాలుగు కర్రలు, ఒక తాడు, నంబరు కాగితాలు, వానలో నిలబడే పెద్దలు పదిమంది చాలు. ఆ పదిమంది దొరకడమే క్లబ్బు అంటే. మంగళవారం రాత్రి చీకట్లో పిల్లల్ని పరిగెత్తించి, శనివారం పొద్దున గుడారం మోసుకొచ్చేవాళ్లు వాళ్లే. బడి ఉన్న ప్రతి ఊరికీ ఆ పదిమంది ఉండాలని నా కోరిక.

రాత్రి ఇంటికొచ్చాక బాత్‌రూములో బకెట్ ముందు కూర్చుని ఇద్దరం మేకుల బూట్లు కడిగాం. పచ్చని బంకమట్టి ఎంతకీ వదల్లేదు. అంతలో అక్క ఫోను. ఊళ్లో అప్పటికి పదకొండు దాటింది, కొడుకు పందెం సంగతి తెలిస్తే గానీ పడుకోనని కూర్చుంది.

"ఎన్నోవాడిగా వచ్చావురా?"

"ఆరువందల పన్నెండు అమ్మా."

అవతల కాసేపు మాట లేదు. నేను తడిచేతులతోనే ఫోను తీసుకుని, ఆరుగురి లెక్క, ఆకుపచ్చ చొక్కా మనిషి సంగతి, ఆఖరి మలుపు అన్నీ చెప్పాను. అక్క నిదానంగా విని, తనలో తను ఏదో లెక్క వేసుకుంది.

"అయితే వీడు వెళ్లకపోతే వాళ్లకి ఒకటి తగ్గిపోయేది కదరా" అంది.