గోడబీరువాలో ఏడు విమానాలు

మా ఇంటి గోడబీరువాలో ఏడు విమానాలుండేవి. ఏడూ అట్టపెట్టెల్లోనే. పెట్టె మీద మాత్రం మబ్బుల్లో దూసుకుపోతున్నట్టు రంగుల బొమ్మ. లోపల నాలుగు కర్ర పలకలు, గుప్పెడు పుల్లలు, మడత పెట్టిన నక్షా, పల్చని కాగితం, ఒక రబ్బరు దారం. ఇరవై ఏళ్ళలో ఒక్కొక్కటిగా కొన్నాను. ఒక్కటీ కట్టలేదు.

"ఏమండీ, పెట్టెలు కొంటారు గానీ విమానాలు కట్టరేం?" అని మా ఆవిడ ఇల్లు సర్దినప్పుడల్లా అడుగుతుంది. జవాబు లేని ప్రశ్న కనుక నవ్వి ఊరుకుంటాను.

ఈ పిచ్చి హైదరాబాదులో పట్టుకున్నది. కాలేజీలో ఎన్.సి.సి. ఎయిర్ వింగులో చేరింది, నిజం చెప్పాలంటే, పెరేడు తరువాత పెట్టే పూరీకూర కోసం. అక్కడ నమూనా విమానాలు నేర్పే సార్జంటుగారొకరుండేవారు. ఆయన నా చేతిలో ఒక బల్సా పలక పెట్టినప్పుడు, బరువే లేని ఆ కర్రను చూసి మోసమనుకున్నాను. స్పానిష్‌లో బల్సా అంటే తెప్ప. 1947లో థోర్ హెయెర్డాల్ పసిఫిక్ సముద్రం మీద సాగించిన కాన్‌టికి తెప్ప ఈ దుంగలతో కట్టినదే. రెండో ప్రపంచయుద్ధంలో మస్కిటో బాంబర్ ఒంట్లోనూ ఇదే కర్ర ఉంది. ఇవన్నీ తరువాత తెలిశాయి. ఆనాడు తెలిసింది ఒకటే: బ్లేడుతో కోస్తుంటే వేలు తెగినంత సులువుగా కర్ర తెగదని!

కట్టడమంటే ఏమిటో తెలియనివారి కోసం చెబుతాను. నక్షాను మెత్తటి చెక్క మీద పరచి, జిగురంటకుండా పైన మైనపు కాగితం వేయాలి. గీతల మీదనే పుల్లలు పేర్చి గుండుసూదులతో బిగించాలి. చేప ముల్లులా రెక్క అస్థిపంజరం లేస్తుంది. గరుకు కాగితంతో నున్నగా రుద్ది, పల్చని టిష్యూ కాగితం అతికించి, నీళ్ళు చిలకరించాలి. ఆరే కొద్దీ ముడతలన్నీ పోయి కాగితం మద్దెల చర్మంలా బిగుసుకుంటుంది. తరువాత డోప్ అనే ఘాటైన వార్నిషు పూత. ఆ వాసన ఒకసారి తగిలినవాడు మరవలేడు. నెలరోజుల పని, ఎగిరేది అరనిముషం.

అమెరికాలో ఈ పెట్టెలకు పెద్ద చరిత్రే ఉంది. పాల్ గిల్లో అనే మాజీ నౌకాదళ వైమానికుడు 1926లో మసాచుసెట్స్‌లోని వేక్‌ఫీల్డులో తన కంపెనీ మొదలుపెట్టాడు. మరుసటి ఏడే లిండ్‌బర్గ్ ఒంటరిగా అట్లాంటిక్ దాటాడు. పిల్లలందరికీ విమానాల వెర్రి పట్టింది. చంద్రుడి మీద కాలు పెట్టిన ఆర్మ్‌స్ట్రాంగు కూడా చిన్ననాడు ఇటువంటివి కట్టినవాడే.

ఆ వైభవం ఇప్పుడు లేదు. నురుగు ప్లాస్టిక్ విమానాలొచ్చాయి. తేలికైన లిథియం బ్యాటరీలు, చిన్న విద్యుత్ మోటార్లు వచ్చాయి. పొద్దున పెట్టె విప్పితే మధ్యాహ్నానికి ఆకాశంలో ఉంటుంది. కూలినా జిగురు రాసి మళ్ళీ ఎగరేయవచ్చు. 2018 జనవరిలో హాబికో దివాలా పిటిషను వేసింది. ఎందరో మొదటి రెక్క కట్టుకున్న టాప్ ఫ్లైట్ పెట్టెలు ఆ సంస్థవే. 2020లో గాలిమరల రెక్కలకు గిరాకీ పెరిగి ఈక్వడార్ బల్సా ధర కొండెక్కింది. మన బుల్లి రెక్కకు రావలసిన కర్ర గాలిమర రెక్కకు పోయింది. చిత్రమేమిటంటే, లేజరుతో కోసిన ఈనాటి ముక్కలు మునుపెన్నడూ లేనంత చక్కగా అతుకుతాయి. మొద్దుబారిన అచ్చులతో కర్రను నలిపేసిన పాత పెట్టెలు వేలకు వేలు అమ్ముడయ్యాయి. ఇంత మంచివాటికి కొనేవారు తక్కువ.

ఈ కాలం పిల్లలకు ఓపిక లేదనడం వినీ వినీ నాకు విసుగు. మా అమ్మాయికి పదకొండేళ్ళప్పుడు బీరువాలోంచి పైపర్ కబ్ పెట్టె తీసి, "నాన్నా, ఇది కడదామా?" అంది. వచ్చే శనివారమన్నాను. అటువంటి శనివారాలు ఎన్ని గడిచాయో! చివరికి తప్పు కప్పిపుచ్చుకోవడానికి ఒక నురుగు విమానం కొనిచ్చాను. రెండు నెలలు ఎగరేసి, చెట్టులో ఇరుక్కున్నాక మరచిపోయింది. ఓపిక లేనిది ఎవరికి?

ఇప్పుడు తనకి వేరే ఊళ్ళో ఉద్యోగం. మొన్న క్రిస్మస్ సెలవులకు వచ్చి, అడగకుండానే ఆ పెట్టె భోజనాల బల్ల మీద పెట్టింది. విప్పితే రబ్బరు దారం వేళ్ళమధ్య పొడిపొడి అయింది. టిష్యూ పసుపు పచ్చబడింది. కర్ర మాత్రం అలాగే ఉంది. తొమ్మిది రోజులు కూర్చున్నాం. నాకు కళ్ళజోడుతో కూడా గీతలు సరిగా ఆనలేదు, సూదులన్నీ తనే గుచ్చింది. బజారునుంచి కొత్త కాగితం, కొత్త రబ్బరు తెచ్చింది.

అంతా అయ్యాక చూస్తే ఎడమ రెక్క మెలి తిరిగింది. కాగితం ఒకవైపు ఎక్కువ బిగిసినట్టుంది. ఆవిరి పట్టి, ఎదురు మెలి తిప్పి, ఆరేదాకా పట్టుకోవాలని సార్జంటుగారు చెప్పింది గుర్తొచ్చింది. పొయ్యి మీద ఇడ్లీపాత్ర ఉంది. మూత తీసి, నేనొక కొస, అమ్మాయొక కొస పట్టుకుని రెక్కను ఆవిరి మీద ఆడించాం.

"ఇడ్లీలు చల్లారిపోతాయర్రా, ఇంకెంతసేపు?" అంది మా ఆవిడ.

"కదలకు నాన్నా," అంది అమ్మాయి.