రంగం నుండి తిరుగుదారి

మద్దేడ్ ప్రాంతంలో సరిహద్దు అన్న మాటకు అంత బరువు లేదు. భోపాలపట్నం దాటితే ఒకవైపు ఇంద్రావతి, మరొకవైపు గోదావరి. నదికి ఆవల వేరొక రాష్ట్రం. మిరపకోతల కాలం రాగానే ఇక్కడి గిరిజన కుటుంబాలు మూటాముల్లెతో తెలంగాణ చేలకు తరలిపోతాయి, పని తీరాక తిరిగివస్తాయి. చరిత్ర విద్యార్థిగా ఈ రాకపోకలను చూచినప్పుడల్లా నాకు మరొక వలస స్ఫురిస్తుంది. మన కోస్తా జిల్లాలవారు ఒకప్పుడు ఇలాగే కూలికి వెళ్ళి వచ్చిన ‘రంగం’ వలస అది.

రంగూనును మనవారు రంగమన్నారు. విశాఖ, గోదావరి, గంజాం జిల్లాల కూలీలు పొగ ఓడలెక్కి వెళ్ళి, రేవులో బస్తాలు మోసి, బియ్యపు మిల్లులలో పనిచేసి, నాలుగు డబ్బులు కూడబెట్టుకొని వచ్చేవారు. కోరంగి రేవు పేరున బర్మీయులు వారిని కోరంగీలనేవారంటారు. ఆ పిలుపులో ఆదరమేమీ లేదు. 1930 మే నెలలో రంగూను రేవులో చెలరేగిన అల్లర్లలో వందమందికి పైగా మరణించారు. అయినా అది పరదేశమని మనవారు తలచలేదు, ఎందుకంటే 1937 ఏప్రిల్ 1 వరకు బర్మా ఇండియాలో అంతర్భాగమే. ఆ రోజున ఒక శాసనం రెండింటిని వేరుచేసింది.

1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూనుపై బాంబులు కురిపించాయి. వేలాది భారతీయులు ప్రోము వైపు కాలినడకన సాగారు. అక్కడ ఐరావతి దాటితే తౌంగుప్ కనుమ మీదుగా అరకాను తీరం చేరవచ్చు. అధికారులు వారిని నది దాటనివ్వలేదు. కారణం స్పష్టమే: కూలీలు లేనిదే రేవు నడవదు, పారిశుద్ధ్యపు పనివారు లేనిదే నగరం నిలువదు. చాలామందిని నచ్చజెప్పి వెనుకకు మళ్ళించారు. 1942 మార్చి 8న రంగూను జపాను వశమైంది. మళ్ళించిన ప్రభుత్వం అంతకుముందే నగరాన్ని విడిచివెళ్ళింది.

అటుపై మిగిలినవి కొండదారులు. టాము మీదుగా మణిపురానికి ఒకటి, హుకాంగ్ లోయ గుండా అస్సాంలోని లీడోకు మరొకటి. దారిలో తెల్లవారికొక ఏర్పాటు, నల్లవారికొక ఏర్పాటు అని కాంగ్రెసు ఆనాడే నిరసించింది. మేలో వానలు ముంచుకువచ్చాయి. కలరా, మలేరియా, ఆకలి, మోకాలిలోతు బురద. సుమారు ఐదు లక్షలమంది భారతదేశం చేరారు. మరణించినవారు పదివేలనేవారున్నారు, యాభైవేలకు మించుననేవారూ ఉన్నారు.

ఈ అంతరమే నన్ను కలవరపెడుతుంది. బెర్లిను గోడ వద్ద 1961–1989 నడుమ ప్రాణాలు కోల్పోయిన 140 మందికి తక్కువ కాని సంఖ్యను, వారి పేర్లతో, వయస్సులతో సహా పరిశోధకులు నమోదు చేశారు. తుపాకి పేలినచోట కర్త కనిపిస్తాడు. ప్రోము వద్ద ఉన్నది ఒక ఉత్తర్వు. అది వారాల కాలాన్ని హరించింది, ఆ జాప్యమే ఎందరినో వానలలోకి నడిపించింది. నా దృష్టిలో ఇదీ సరిహద్దు కాపలా తీసిన ప్రాణాల లెక్కలోనిదే.

హ్యూ టింకర్ 1975లో ఈ ప్రయాణాన్ని విస్మృతమైన దీర్ఘయాత్రగా పేర్కొన్నాడు. కూలీ పేరు మేస్త్రి బాకీ చిట్టాలో ఉండేది. కొండదారిలో పడిపోయినవాని కబురు మాత్రం, అతని ఊరు తెలిసిన తోటివాడెవడైనా బ్రతికి వస్తేనే ఇంటికి చేరేది.