కావేరి ఒడ్డున నాగరత్నమ్మ గారు

తిరువయ్యారు పేరు విననివారు మన సంఘ కుటుంబాల్లో ఉండరు. పుష్య బహుళ పంచమి వచ్చిందంటే బెంగళూరులోనో, హోసూరులోనో, బరంపురంలోనో ఎవరో ఒకరింట్లో త్యాగరాజ స్వామి పటం ముందు పంచరత్నాలు వినిపిస్తాయి. కానీ ఆ కావేరి ఒడ్డున స్వామికి గుడి కట్టించిందెవరని అడిగితే మాత్రం మనలో చాలామంది తడుముకుంటాం. కట్టించింది ఒక స్త్రీ. మైసూరు సీమలో పుట్టి, బెంగళూరు పేరునే ఇంటిపేరులా మోసి, తెలుగు పాటనూ తెలుగు పద్యాన్నీ ప్రాణంగా చూసుకున్న బెంగళూరు నాగరత్నమ్మ గారు. ఆవిడ నిలబెట్టిన ఆ చోటును చూడాలనే ఈ మధ్య తిరువయ్యారు వెళ్ళి వచ్చాం.

మేమంటే నేను, మా వదిన, మా మేనకోడలు. మైసూరులో బయల్దేరి బెంగళూరు మీదుగా తంజావూరు వెళ్ళే రాత్రి రైలుంది. ఆ రైలెక్కినప్పుడే నాగరత్నమ్మ గారు గుర్తుకొచ్చారు. ఆవిడ పుట్టింది మైసూరు దగ్గర నంజనగూడులో, 1878 నవంబరు 3న. చిన్నతనంలో మైసూరులో ఒక పండితుడి దగ్గర సంస్కృతం నేర్చుకుంటూ ఉండగా మాటపట్టింపు వచ్చిందట. తల్లి పుట్టలక్ష్మి గారు బిడ్డను తీసుకుని ఊరు వదిలేశారు. కూతురు విద్యలో గెలిచాకే మళ్ళీ మైసూరులో అడుగు పెడతానని శపథం చేశారంటారు. దేవదాసీల ఇంట ఆడపిల్లకు చదువే ఆస్తి అని ఆ తల్లికి తెలుసు. బెంగళూరులో మునుస్వామప్ప గారి దగ్గర సంగీతం చెప్పించారు. ఆయనది త్యాగయ్య గారి వాలాజాపేట శిష్య పరంపర. అంటే స్వామి పాట ఆవిడ దగ్గరికి గురువుల నోటినుంచి నోటికి నడిచి వచ్చిందన్న మాట. తర్వాత మద్రాసులో స్థిరపడి గొప్ప పేరు తెచ్చుకున్నారు. 1905 నుంచి 1934 వరకు 146 ఊళ్ళలో 1,235 కచేరీలు చేశారని లెక్క చెబుతారు.

పొద్దున తంజావూరులో దిగి, ఫలహారం చేసి తిరువయ్యారు బస్సెక్కాం. పదమూడు కిలోమీటర్ల దారి. తిరు ఐ ఆరు అంటే తమిళంలో అయిదు పవిత్ర నదులని అర్థం. వడవారు, వెణ్ణారు, వెట్టారు, కుడమురుట్టి, కావేరి. ఒక్కొక్క వంతెన వచ్చినప్పుడల్లా మా మేనకోడలు వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. రెండు పక్కలా వరి మడులు, అరటి తోటలు. బస్సులో అంతా తమిళమే. ఇక్కడికి తెలుగు ఎలా వచ్చిందని పిల్ల అడిగింది. తంజావూరును తెలుగు నాయక రాజులు ఏలారనీ, వారి తర్వాత వచ్చిన మరాఠా రాజులు కూడా తెలుగును ఆదరించారనీ, సరస్వతీ మహలు గ్రంథాలయంలో తెలుగు తాళపత్రాలు నేటికీ ఉన్నాయనీ చెప్పాను.

ఊళ్ళో పంచనదీశ్వరుణ్ణీ, ధర్మసంవర్ధని అమ్మవారినీ దర్శించుకుని కావేరి ఒడ్డుకు నడిచాం. ఆరాధన రోజుల్లో కాలు పెట్టే చోటు దొరకదు. మేము వెళ్ళింది మామూలు రోజు కాబట్టి చాలా ప్రశాంతంగా ఉంది. త్యాగయ్య గారు సిద్ధి పొందింది 1847 జనవరి 6న. 1903లో శిష్య పరంపరలోని ఉమయాళ్పురం సోదరులు సమాధిని బాగు చేయించారు గానీ, తర్వాత మళ్ళీ అది పట్టించుకునే నాథుడు లేక ముళ్ళ పొదల్లో పడిపోయింది. 1921లో బిడారం కృష్ణప్ప గారు ఆ దుస్థితిని నాగరత్నమ్మ గారికి ఉత్తరం రాశారు. స్వామి కలలో కనిపించారని కూడా ఆవిడ చెప్పుకున్నారు. చుట్టూ స్థలం సంపాదించి, సొంత డబ్బు పోసి, నగలమ్మి గుడి కట్టించారు. 1921 అక్టోబరు 27న శంకుస్థాపన, 1925 జనవరి 7న కుంభాభిషేకం జరిగాయి.

ఇంత చేసినావిడకు అక్కడ పాడే అర్హత మాత్రం లేదన్నారు! ఆ రోజుల్లో ఆరాధన రెండు వర్గాలుగా జరిగేది. పెద్ద కట్చి, చిన్న కట్చి అనేవారు. రెంటిలోనూ ఆడవాళ్ళకు పాట లేదు. నాగరత్నమ్మ గారు గోల పెట్టలేదు, ఇంటికీ పోలేదు. దేవదాసీ కుటుంబాల స్త్రీలను కూడగట్టి మూడో ఆరాధన మొదలుపెట్టారు. చివరికి 1940–41 ప్రాంతంలో మూడూ ఒక్కటయ్యాయి. అందరూ కలిసి గొంతెత్తి పంచరత్నాలు పాడే పద్ధతి స్థిరపడింది కూడా అప్పుడే. ఈనాడు రేడియోలో, టీవీలో మనం చూసి మురిసిపోయే ఆ గోష్ఠిగానంలో ఆడగొంతులు వినిపించడం వెనుక ఇంత కథ ఉంది.

తంజావూరుతో ఆవిడకు మరో ముడి కూడా ఉంది. పద్దెనిమిదో శతాబ్దంలో ప్రతాపసింహ మహారాజు కొలువులో ముద్దుపళని అనే కవయిత్రి ‘రాధికా సాంత్వనము’ రాసింది. అంతకుముందు అచ్చయిన ప్రతిలో కొన్ని పద్యాలనూ, కవయిత్రి తన వంశం చెప్పుకున్న భాగాన్నీ తీసేశారు. నాగరత్నమ్మ గారు రాతప్రతి సంపాదించి 1910లో వావిళ్ళవారి ద్వారా పూర్తిగా అచ్చు వేయించారు. వీరేశలింగం పంతులు గారంతటివారు ఆ కావ్యాన్ని తప్పుపట్టి ఉన్నారు. మగవారి శృంగారం కావ్యమైనప్పుడు ఆడదాని శృంగారం మాత్రం బూతెలా అవుతుందని ఆవిడ పీఠికలో నిలదీశారు. 1911లో ప్రభుత్వం ప్రతులను పట్టుకుని నిషేధించింది. నిషేధం తొలగింది 1947లో, ప్రకాశం పంతులు గారి హయాంలో. తెలుగుదేశంలో పుట్టని ఒక స్త్రీ తెలుగు పుస్తకం కోసం అంత పోరాడిందంటే రాష్ట్రం వెలుపల ఉంటున్న మనం గర్వపడాలి.

స్వామి గుడికి ఎదురుగానే ఆవిడ సమాధి కూడా ఉంది. చివరి ఏళ్ళు తిరువయ్యారులోనే గడిపి 1952 మే 19న కన్నుమూశారు. చేతులు జోడించి స్వామినే చూస్తున్నట్టుంటుంది విగ్రహం. ఆస్తినంతా ట్రస్టు పేర రాస్తూ, స్త్రీలకు అక్కడ పూజించే, పాడే హక్కుకు ఎప్పుడూ లోటు రాకూడదని షరతు పెట్టారు. మా వదిన ఆ విగ్రహం దగ్గర చాలాసేపు కూర్చుంది. “కడుపున పుట్టిన పిల్లలు లేరు గదమ్మా. ఎంతమందికి పుట్టిల్లు కట్టిపెట్టి పోయిందో చూడు” అంది. అంతకంటే బాగా నేను చెప్పలేను.

మా మేనకోడలికి తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు. కీర్తనలు కన్నడ లిపిలో రాసుకున్న నోటుపుస్తకం తెచ్చుకుంది. పదో తరగతి దాటాక సంగీతం మానిపించాలని ఇంట్లో మాట నడుస్తోంది. ట్యూషన్లకు టైము చాలదట. నేనేమీ అనలేదు. స్వామి ముందు కూర్చుని శ్రీరాగం పంచరత్నం అందుకుంది. దండం పెట్టుకోవడానికి వచ్చిన ఇద్దరు తమిళ మామ్మలు పక్కన చేరి గొంతు కలిపారు. వాళ్ళకు తెలుగు రాదు, సాహిత్యం మాత్రం ఒక్క అక్షరం తప్పలేదు. పాటయ్యాక ఒకావిడ పిల్ల గడ్డం పట్టుకుని తమిళంలో, పాట విడవకు అంది. తిరుగు ప్రయాణంలో మా వదిన తనంత తానే, సంగీతం టీచరుకు ఈ నెల ఫీజు కట్టాలి, గుర్తుచెయ్యి అంది.

తిరువయ్యారు వెళ్ళే మన సభ్యులకు ఒక మనవి. తంజావూరులో పెద్దగుడి, సరస్వతీ మహలు చూసుకుని ఒక పూట ఇక్కడికి మిగుల్చుకోండి. స్వామికి పూలదండ తీసుకువెళ్ళేటప్పుడు ఎదురుగా ఉన్న తల్లికి కూడా రెండు మూరల మల్లెపూలు పట్టుకెళ్ళండి. వెంట ఆడపిల్లలుంటే, వచ్చినంత వరకు ఒక కీర్తన పాడించండి.