నాన్నగారి మీటల పలక

మా ఇంటి వెనక వేపచెట్టు కింద ఒక అంబాసిడర్ కారు చాలా ఏళ్ళుగా కదలకుండా ఉండేది. నాన్నగారు దానిని విజయవాడకూ గుంటూరుకూ మధ్య టాక్సీగా నడిపి మమ్మల్ని పెంచి పెద్ద చేశారు. పశ్చిమ బెంగాలులోని ఉత్తరపాడా కర్మాగారంలో ఈ కార్ల తయారీ 2014లో ఆగిపోయింది. మా కారు అంతకుముందే ఆగింది. నాన్నగారికి చూపు సన్నగిల్లటంతో ఆయన దానిని నడపటం మానేశారు.

పోయిన వేసవిలో నేను ఆ కారును బాగు చేయటానికి పూనుకున్నాను. ఇంజను సంగతి మెకానిక్కు చూశాడు. లోపలి పనులు నేనే చేద్దామనుకున్నాను. వాటిలో ఒకటి, డాష్‌బోర్డు కింద ఉండే చిన్న మీటల పలక. అది కారుతో వచ్చినది కాదు. ఫానుకూ, లోపలి దీపానికీ నాన్నగారు స్వయంగా ఇనుపరేకుతో చేసి బిగించుకున్నది. తుప్పు పట్టి, చెయ్యి వేయగానే పొడిపొడిగా రాలిపోయింది. అలాటిది ఏ కొట్లోనూ దొరకదు. చేసుకోవలసిందే!

పాత సామాన్ల కొట్టు నుంచి 1.6 మిల్లీమీటర్ల మందం గల అల్యూమినియం రేకు తెచ్చాను. దానితో మూడు పలకలు చేయవచ్చు. ఒకటి చాలు గదా అని ధైర్యంగా ఉన్నాను.

మొదటి ముక్కను వైసులో బిగించి, కొయ్య సుత్తితో కొట్టి మడిచాను. మడత వెంబడి సన్నని పగులు వచ్చింది!

"రేకు ఎందుకు పగిలింది, నాన్నా?" అని అడిగింది మా అమ్మాయి.

దాని రబ్బరు తీసుకుని, పక్క అంచు మీద దగ్గర దగ్గరగా నిలువుగీతలు గీసి వంచి చూపాను. వంపుకు బయటివైపు గీతలు ఎడంగా జరిగాయి; లోపలివైపు గీతలు దగ్గరికి వచ్చాయి. రేకు కూడా అంతే. వంచినప్పుడు బయటి పొర సాగుతుంది, లోపలి పొర నొక్కుకుపోతుంది. వంపు మరీ పదునుగా ఉంటే బయటి పొర అంత సాగలేక పగులుతుంది. గట్టిరకం రేకైతే మరీ తొందరగా పగులుతుంది.

కాల్చితే లోహం మెత్తబడుతుందని నాకు తెలుసు. రెండవ ముక్కను బ్లో లాంపు మంటలో పెట్టాను. కమ్మరి కొలిమిలో ఇనుములాగా ఎర్రబడుతుందేమోనని కాచుకుని కూర్చున్నాను. అది ఎర్రబడనే లేదు. చూస్తూండగానే మూల వంగి, జారి, ముద్దయిపోయింది!

ఇక ఒక్క ముక్కే మిగిలింది. దానిని తీసుకుని ఆటోనగర్‌లో బాడీలు కట్టే మేస్త్రీగారి దగ్గరకు వెళ్ళాను. ఆయన నవ్వారు.

"ఇనుము ఎర్రబడి మనకు చెబుతుందండీ. అల్యూమినియం చెప్పదు. 660 డిగ్రీలకే కరిగిపోతుంది. సబ్బు రాసి కాల్చండి. సబ్బు నల్లబడగానే మంట తీసేయండి," అన్నారు.

ఇంటికి వచ్చి అలాగే చేశాను. చల్లారాక కడిగి, అంచు గుండ్రంగా చెక్కిన కొయ్య దిమ్మ మీద నెమ్మదిగా వంచాను. పగులు రాలేదు!

ఇంకొక చిక్కు మిగిలింది. మీటలకు రంధ్రాలు ఎక్కడ పెట్టాలి? పాత పలక లేదు, ఫొటో లేదు. ఒక్క రంధ్రం తప్పినా చేయటానికి మరో రేకు లేదు. నాన్నగారిని అడిగాను.

"కొలతలు నాకేం గుర్తురా! నన్ను కారులో కూర్చోబెట్టు," అన్నారాయన.

చెయ్యి పట్టుకుని తీసుకువెళ్ళి డ్రైవరు సీట్లో కూర్చోబెట్టాను. డాష్‌బోర్డు కింద అట్టముక్క పట్టుకున్నాను. ఆయన చక్రం మీద కుడిచెయ్యి ఉంచి, ఎడమచెయ్యి తిన్నగా చాచి అట్ట మీద వేలు ఆనించారు. "ఇది ఫాను." వేలు కాస్త పక్కకు జరిపి, "ఇది దీపం," అన్నారు. మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ వేలు అక్కడే పడింది. మా అమ్మాయి పెన్సిలుతో గుర్తులు పెట్టింది.

ఆ గుర్తుల ప్రకారం రంధ్రాలు వేసి పలక తెచ్చాను. నాన్నగారు దాని అంచు బొటనవేలితో తడిమి, "ఇక్కడ గరుకుగా ఉంది. ఎవరి మోకాలికైనా గీసుకుంటుంది," అన్నారు. మళ్ళీ ఆకురాయి పట్టి నున్నగా చేశాను.

పిల్లలూ! మంటతో, రేకుతో పని పెద్దలది. మీరు రబ్బరు మీద గీతలు గీసి చూడండి. పలక చేయాలనుంటే అట్టతో చేయండి.

పలక బిగించిన సాయంత్రం నాన్నగారు కారులో కూర్చుని, వెతుక్కోకుండా మీట నొక్కారు. కారు ఇంకా కదలలేదు గాని, ఫాను తిరిగింది. చాలాసేపు ఆ గాలికి అలాగే కూర్చున్నారు.