గుమ్మం దగ్గర ప్రార్థన



మన నక్కపల్లి సంఘంలో ఒక తల్లికి రొమ్ము క్యాన్సర్ వస్తే, అగనంపూడిలోని హోమీ బాబా క్యాన్సర్ ఆసుపత్రిలో రేడియేషన్ మొదలుపెట్టారు. మన ఊళ్ళలో దాన్ని 'కరెంటు పెట్టడం' అంటాం. ఆ మాటే భయపెట్టింది. ఇంట్లోవాళ్ళు ఆమె పళ్ళెం, గ్లాసు వేరు చేశారు. మనవణ్ణి దగ్గరకు రానివ్వలేదు. ప్రార్థనకు వెళ్ళిన మేమూ గుమ్మం దగ్గరే కూర్చున్నాం.

ఒక సాయంత్రం మన యవ్వనస్థుడొకడు, క్యాన్సర్ డాక్టరుగారు తెలుగులో మాట్లాడిన వీడియో ఫోనులో పెట్టాడు. బయట యంత్రంతో ఇచ్చే రేడియేషన్ ఒంట్లో నిలవదు. ఎక్స్‌రేలాగే, యంత్రం ఆగితే కిరణాలూ ఆగిపోతాయి. ఇచ్చేటప్పుడు నొప్పి ఉండదు. సాధారణంగా వారానికి 5 రోజులు, కొన్ని వారాలు ఇస్తారు. చర్మం మీద గీసిన గుర్తులు చెరపకూడదు, చికిత్స మధ్యలో మానకూడదు.

"అయితే బాబుని ఎత్తుకోవచ్చా అయ్యగారూ?" అని ఆమె అడిగింది. మాకు గొంతు పెగల్లేదు. మర్నాడు డాక్టరుగారిని అడిగితే "ఎత్తుకోమ్మా" అన్నారు.

థైరాయిడ్ క్యాన్సర్‌కు మింగించే అయోడిన్ మందు సంగతి వేరు. దానికి కొన్నాళ్ళు దూరం పాటించాలి. అందుకే ఏ వీడియో చూసినా మీ డాక్టరుగారిని అడగండి. ఆకురసంతో క్యాన్సర్ పోతుందనే వాట్సాప్ వీడియోలు ఎవరికీ పంపకండి.

ప్రభువు కుష్ఠరోగిని చెయ్యి చాపి ముట్టుకున్నాడు. మేము గుమ్మం దాటలేకపోయాం, క్షమించమని ఆ తల్లినీ దేవుణ్ణీ అడిగాం. ఇకమీదట లోపలికెళ్ళి, పక్కన కూర్చుని ప్రార్థిద్దాం.