మలుపులో ఒరగని కారు

మా అత్తయ్యగారికి కారు ప్రయాణమంటే భయం. నాలుగు మలుపులు తిరిగితే చాలు, కడుపులో తిప్పేస్తుందంటారు. అలాంటి మనిషి, ఇంగ్లండ్‌లో మా దగ్గరున్న ఆరు నెలలూ మా పాత పెద్ద కారులో కొండదారులన్నీ హాయిగా తిరిగారు. "ఈ బండి పక్కకి ఒరగదేమిటే అమ్మాయీ!" అని మొదట గమనించింది ఆవిడే.

ఎందుకు ఒరగదో నాకు తెలిసింది మొన్న చలికాలంలో, డాష్‌బోర్డు మీద దీపం వెలిగి, బండి కింద నూనె చుక్కలు కనిపించాక.

మామూలుగా కార్లలో ఎడమ చక్రాన్నీ కుడి చక్రాన్నీ కలుపుతూ ఒక ఉక్కు కడ్డీ ఉంటుంది. మలుపులో బండి వాలబోతే అది మెలితిరిగి ఆపుతుంది. కడ్డీ మరీ గట్టిదైతే ఒక చక్రానికి తగిలిన కుదుపు రెండోదానికీ పాకుతుంది. మెత్తనిదైతే బండి ఒరుగుతుంది. అందుకని కొన్ని కార్లలో ఆ కడ్డీకి హైడ్రాలిక్ సిలిండర్ తగిలించారు. 1994లో సిట్రోయెన్ క్సాంటియా ఆక్టివాలోనూ, 2001లో బీఎండబ్ల్యూ 7 సిరీస్‌లోనూ ఇలాంటి ఏర్పాటే వచ్చింది. ఇప్పుడు కొన్ని ఖరీదైన కార్లలో ఈ పని కరెంటు మోటార్లు చేస్తున్నాయి.

మా బండిలో ఉన్నవి ఇంజన్ బెల్టుతో తిరిగే పంపు, నూనె డబ్బా, వాల్వ్ బ్లాక్, కింద బారుగా సాగే గొట్టాలు, ముందూ వెనకా సిలిండర్లు. మలుపుని సెన్సర్ పసిగట్టగానే కంప్యూటర్ వాల్వులకి చెబుతుంది. నూనె సిలిండర్లోకి దూసుకెళ్ళి కడ్డీని ఎదురువైపు మెలితిప్పుతుంది. తిన్నని దారిలో పట్టు వదిలేస్తుంది. మన కుక్కర్ విజిల్ వేసేది బయటి గాలికంటే సుమారు ఒక బార్ ఎక్కువ ఒత్తిడికి. ఈ గొట్టాల్లో అది వంద బార్లు దాటుతుంది! అందుకే కారుతున్న చోట చెయ్యి పెట్టొద్దన్నాడు మెకానిక్. సన్నటి ధార చర్మంలోకి దిగిపోతుందట.

"ఇదంతా పీకేసి మామూలు కడ్డీలు వేయించేద్దాం, చవకలో పోతుంది" అన్నారు మావారు. ఆయన మాటా కాదనలేను. ఉన్న డబ్బు అత్తయ్యగారి టికెట్టుకని దాచింది. కానీ కిందటిసారి వెళ్తూ ఆవిడ, "ఇంకొక్కసారి వస్తానమ్మా, ఆ సరస్సులు చూసి వెళ్తా. ఆ తర్వాత నా ఒళ్ళు సహకరించదు" అన్నారు. సరస్సుల దారంతా మలుపులే.

"అసలు పోయింది ఏ భాగం?" అని అడిగాను మెకానిక్‌ని. బండి పైకెత్తి టార్చి వేసి చూపించాడు. పంపు బాగుంది, సిలిండర్లు బాగున్నాయి. మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పుకి రెండు గొట్టాలు తుప్పుపట్టి తినేసి ఉన్నాయి, అంతే. కొలత తీసుకుని హైడ్రాలిక్ గొట్టాలు చేసే వర్క్‌షాపులో కొత్తవి చేయించాడు. మొత్తం పీకించడానికి చెప్పిన దానికంటే తక్కువే అయింది.

"అయితే అమ్మకి ఏప్రిల్‌కి టికెట్టు చూడనా?" అన్నారు మావారు, బిల్లు మడిచి జేబులో పెట్టుకుంటూ.